కిటికీలో మోచెయ్యి

ఆ వేసవిలో ఊరంతా ఉడికిపోతుంటే మా ఆయన కుడిపాదం ఒక్కటే చల్లగా ఉండేది.

మధ్యాహ్నం అన్నాలు తిని బూట్లు విప్పి సిమెంటు బస్తాల నీడలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. నా చెయ్యి పొరపాటున ఆయన పాదానికి తగిలి ఉలిక్కిపడ్డాను. పక్కనున్న ఇనుప చువ్వలు ముట్టుకుంటే చర్మం కాలిపోయేంత ఎండ. ఆ పాదం మాత్రం కుండలో నీళ్ళలా ఉంది.

"ఇదేంటయ్యా, శవం కాలులా ఉంది?" అన్నాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదని మా అత్త ఊరికే అనదు.

"మంచిదేగా, ఆ కాలికి పంకా ఖర్చు లేదు," అని నవ్వుతూ సిగరెట్టు ముట్టించాడు.

చిటికెన వేలి చివర నల్లగా ఉంది. బూటు కరిచిందన్నాడు. పుండు పడి చాలా రోజులైందని, మానడం లేదని నేను గుచ్చి గుచ్చి అడిగితేగానీ చెప్పలేదు. క్రేన్ నిచ్చెన ఎక్కుతూ ఈ మధ్య సగంలో ఆగిపోతున్నాడు. పిక్క పట్టేసిందని ఆగి, కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కుతున్నాడు. వయసు మీద పడుతోందిలే అని కింద నుంచి నేను వెక్కిరించేదాన్ని.

మా ఆయన క్రేన్ నడిపేవాడు. నేను కింద నిలబడి ఆయనకు సైగలు చేసేదాన్ని. ఒక చేతిలో వాకీటాకీ, రెండో చెయ్యి గాలిలో. వేలు పైకి తిప్పితే ఎత్తు, అరచెయ్యి కిందికి ఊపితే దించు, పిడికిలి బిగిస్తే ఆగు. పెద్ద భవనాల పనుల్లో పక్కపక్కనే ఇటుకలు మోసే మొగుడూ పెళ్ళాలు ఎందరో ఉంటారు గానీ, మొగుణ్ణి ఆకాశంలో పెట్టి వేలితో ఆడించే అదృష్టం నాకొక్కదానికే పట్టిందని తాపీవాళ్ళు ఎగతాళి చేసేవారు. ఆయనా తక్కువ తినలేదు. "ఇంట్లోనూ అంతే, అక్కడ వాకీటాకీ ఉండదు," అనేవాడు.

పనిలో మాత్రం ఆయనకో నియమం ఉండేది. సిగరెట్టు చేతిలో ఉంటే మీట ముట్టడు. పైన గదికి ఎడమవైపు చిన్న కిటికీ. తాగాలనిపించినప్పుడు కొక్కేన్ని కదలకుండా నిలిపి, ఆ కిటికీ తెరిచి, మోచెయ్యి బయటపెట్టుకుని తాగేవాడు. పొగ మాకు కనిపించేది కాదు. మోచెయ్యి కనిపించేది. అది కనిపించిందంటే క్రేన్ ఆగినట్టే. ఇసుక మోసేవాళ్ళు చుట్టూ తిరిగి వెళ్ళకుండా అడ్డదారిన పోయేవారు, నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళొచ్చేవారు. వేలాడే బరువు కింద నడవకూడదని బోర్డు ఉంది. అయినా అక్కడ అందరూ చదివేది మా ఆయన మోచెయ్యినే. గంట కొట్టినట్టు "మోచెయ్యొచ్చింది!" అని ఒకడు అరిచేవాడు, అందరూ కదిలేవారు. ఏళ్ళ తరబడి అలా జరిగింది. ఒక్కనాడు ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు.

ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి మా అత్త మంచం పట్టినట్టు నటించాల్సి వచ్చింది. తల్లిని చూపించడానికి వచ్చి తను ఇరుక్కున్నాడు.

డాక్టరమ్మ నెరిసిన జుట్టు మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. ఆయన చీలమండ దగ్గర వేళ్ళు పెట్టి చాలాసేపు వెతికింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని నా పాదం మీదే పెట్టించింది. "ఇక్కడ కొట్టుకుంటోంది, తెలుస్తోందా?" అంది. టిక్కు టిక్కుమని తెలుస్తోంది. అవే వేళ్ళు ఆయన పాదం మీద పెట్టించింది. నేను నొక్కాను. జరిపి నొక్కాను. ఏమీ లేదు.



"పొగాకు వల్ల రక్తనాళాలు మూసుకుపోతున్నాయి," అందామె. "సిగరెట్టు మానితే కాలు ఉంటుంది. మానకపోతే ముందు వేలు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా తీసేయాల్సి వస్తుంది. అదీ ఈ ఏడాదిలోపే."

"తగ్గిస్తాను డాక్టరమ్మా," అన్నాడు ఆయన.

"తగ్గించడం పనికిరాదు. మీకు ఒక్కటి తాగినా పెట్టెడు తాగినట్టే."

"నమిలే బంకలూ, అంటించుకునే పట్టీలూ ఉంటాయటగా?" అని నేను అడిగాను.

"ఈ జబ్బుకి అవీ వద్దమ్మా. వాటిలో ఉండేదీ అదే. ఒట్టి చేతులతో మానాలి." ఆమె చీటీ మీద ఏదో రాస్తూ చెప్పింది. "కష్టంగానే ఉంటుంది. కోపం, నిద్ర పట్టకపోవడం, చెమటలు, తల తిరగడం, పని మీద ధ్యాస నిలవకపోవడం. మొదటి వారాలు గట్టెక్కితే నెమ్మదిస్తుంది. ఇంతకీ మీరేం పని చేస్తారు?"

"కూర్చుని చేసే పనేనండి," అన్నాడు మా ఆయన.

అబద్ధం కాదు. కూర్చునే చేస్తాడు. కాకపోతే మబ్బుల పక్కన కూర్చుంటాడు. నేను నోరు తెరిచేలోపే నా కాలు తొక్కాడు, తన మంచికాలితో.

మానడం ఆ సాయంత్రమే మొదలైంది. మా అత్త కూడా రంగంలోకి దిగింది. ఆమెకు ముక్కుపొడి అలవాటు. "నా బిడ్డ మానితే నేనూ మానతా," అని డబ్బీ తీసుకెళ్ళి మురిక్కాలవలో పారేసింది. మరునాడు పొద్దున లేచి చూస్తే కర్రపుల్లతో కాలవలో కెలుకుతోంది.

"ఏం పోగొట్టుకున్నావత్తా?"

"నా బుద్ధి," అంది.

మొదట్లో ఆయన హుషారుగానే ఉన్నాడు. నోట్లో లవంగం పెట్టుకుని, ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో మానేవాణ్ణని అందరికీ చెప్పుకున్నాడు. ఆ తర్వాత అసలు సంగతి మొదలైంది. పొద్దున లేచేసరికి పక్క తడిసి ముద్దయ్యేది. తిన్నది అరిగేది కాదు, అయినా ఆకలి తీరేది కాదు. తాగుతున్నప్పుడు లేని దగ్గు మానాక పట్టుకుంది. నాలుక నిండా పూత. ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. చొక్కా జేబు మీదికి చెయ్యి దానంతటదే పోయేది. అక్కడ ఏమీ తగలక, ఆ చేతినే కాసేపు చూసుకునేవాడు.

కోపం సంగతి చెప్పక్కర్లేదు. గ్లాసు కింద పెట్టిన చప్పుడుకి కోపం, పెట్టకపోతే కోపం. నేను ఒంటికి రాసుకున్న సబ్బు వాసనకి కడుపులో తిప్పుతోందని అరిచాడు. పదేళ్ళుగా అదే సబ్బు. పొగ పోయి ఆయనకు ముక్కు వచ్చింది గానీ ఆ ముక్కుకి మేమెవ్వరం నచ్చలేదు. అటు ముక్కుపొడి లేని అత్త, ఇటు సిగరెట్టు లేని మొగుడు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఇంట్లో అయితే పడతాను. నా భయమంతా పని దగ్గరిది.

వానలు పడేలోపు పైకప్పు వేయాలని మేస్త్రి తొందర. అక్కడ పనంతా నడిపించేది ఆ మేస్త్రే. లావుపాటి మనిషి, అరుపులు ఎక్కువ, కడుపులో ఏమీ ఉండదు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా చువ్వల కట్టలు, కాంక్రీటు బకెట్లు ఒకదాని వెంట ఒకటి పైకి పోతూనే ఉండాలి. నిచ్చెన మొదట్లో నిలబడి నేను రోజూ ఆయన ఎక్కడాన్ని చూసేదాన్ని. ఆగేవాడు. ఎక్కేవాడు. మళ్ళీ ఆగేవాడు. నా ప్రాణం ఆ మెట్ల మీదే ఉండేది.

ఒకరోజు కాంక్రీటు బకెట్టు ఎత్తుతుంటే నేను పిడికిలి బిగించాను. ఆగలేదు. వాకీటాకీలో "ఆపు, ఆపు!" అన్నాను. ఒక మనిషెత్తు పోయాక ఆగింది.

"కనపడలేదా?" అన్నాను.

"కనపడింది! ఊరికే అరవకు! చెవిలో జోరీగలా నువ్వొకదానివి!"

ఆ మాట మేస్త్రి వాకీటాకీలోనూ, పైకప్పు మీది వాళ్ళ వాకీటాకీలోనూ వినబడింది. ఎవరూ నవ్వలేదు. మామూలుగా అయితే మా మొగుడూ పెళ్ళాల గొడవ వాళ్ళకి వినోదం. ఆ రోజు అందరూ తలెత్తి బకెట్టును చూశారు.

సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే మేస్త్రి నా పక్కకొచ్చి నిలబడ్డాడు. గొంతు తగ్గించడం ఆయనకు రాదు, అయినా తగ్గించాడు.

"చెల్లెమ్మా, ఒక్కటి తాగమని చెప్పరాదా? పొద్దున ఒకటి. పైకెక్కే ముందు. చేతులు కుదురుకుంటాయి."

"డాక్టరమ్మ ఒక్కటి కూడా వద్దంది."

"డాక్టరమ్మ కింద లేదుగా. మా మనుషులు ఉన్నారు. నువ్వున్నావు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ మనిషి మాటలో తప్పేముంది?  ఇంటికి వెళ్ళే దారంతా మా ఆయన నాకు నాలుగడుగులు ముందు నడిచాడు. కుడికాలు కాస్త ఈడుస్తున్నాడు. ఆ కాలిని చూస్తే ఒక భయం. ఆయన చేతుల్ని చూస్తే ఇంకో భయం. ఏ భయానికి ముందు భయపడాలో తెలియలేదు.

"నాలుగు రోజులు సెలవు పెట్టయ్యా," అన్నాను వెనక నుంచి.

"ఇంట్లో కూర్చుంటే చస్తాను. పైన ఉంటేనే కాస్త మరుపు," అన్నాడు తిరిగి చూడకుండా. మలుపు తిరుగుతూ, "పైన సిగరెట్లు అమ్మే కొట్టు లేదు కదా," అన్నాడు. అది ఆ వారంలో ఆయన వేసిన మొదటి జోకు. నేను నవ్వాను. నవ్వానేగానీ భయం పోలేదు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకే అది జరిగింది.

ఎండ నడినెత్తికొచ్చే వేళ. చువ్వల కట్ట ఎత్తించాను. కట్ట మూడంతస్తుల ఎత్తుకి వెళ్ళాక, పైన దించుకునేవాళ్ళు ఇంకా చోటు ఖాళీ చేయలేదంటే పిడికిలి బిగించాను. ఈసారి వెంటనే ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. కట్ట గాలిలో మెల్లగా ఊగుతోంది.

అంతలో కిటికీ తెరుచుకుంది. మోచెయ్యి బయటికొచ్చింది.

"మోచెయ్యొచ్చింది!" అని ఎవరో అరిచారు. ఇసుక తట్టలవాళ్ళు కదిలారు.

నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. తాగుతున్నాడు! ఇన్నాళ్ళు పడ్డ నరకం, నేను తిన్న తిట్లు, ఆయన తడిసిన పక్కలు, అంతా పోయింది. ఎవడిచ్చాడు? మేస్త్రా? ఎక్కడ దాచాడు? డాక్టరమ్మ మోకాలి దాకా తీసేయాలన్న ఆ కాలే కనబడింది నాకు. వాకీటాకీ ఎత్తి తిట్టాలన్న తెలివి కూడా లేదు. తలెత్తి ఆ మోచెయ్యి వంకే చూస్తూ నడిచాను. "ఏమయ్యా! పారెయ్! పారెయ్ దాన్ని!" అని గొంతు చించుకుంటూ నడిచాను. ఏళ్ళ తరబడి పక్కవాళ్ళని బరువు కింద నడవొద్దని తిట్టినదాన్ని, నేరుగా ఆ కట్ట కిందికే నడిచాను.

పైన ఆయన తాగడం లేదు. ఊపిరాడక కిటికీ తెరిచాడు. చెమటలు పోసి, కళ్ళు తిరిగి, గాలి కోసం తల బయటికి పెట్టాడు. మోచెయ్యి పాత అలవాటు కొద్దీ పాత చోటికే పోయింది. కుడిచెయ్యి మాత్రం మీట మీదే ఉంది. చేతిలో సిగరెట్టు లేదు కాబట్టి మీట వదలాలని ఆయనకు తోచలేదు. పైకప్పు మీది వాళ్ళు చోటు ఖాళీ అయింది, కట్ట పంపమని చెయ్యి ఊపారు. ఆయన మీట లాగాడు. ఎత్తే వైపు కాదు, దించే వైపు.

నాకు వినబడింది ఇనుప తాడు చేసిన కీచుమనే చప్పుడొక్కటే. ఎవరో "అక్కా!" అన్నారు. ఇసుకలో కాలు మడతపడి నేను వెల్లకిలా పడ్డాను. చువ్వల కొసలు నా హెల్మెట్టును కొట్టుకుంటూ పోయాయి. అది ఎగిరి ఎక్కడో పడింది. భుజం మీద ఎవరో గడ్డపారతో పొడిచినట్టనిపించింది. తర్వాత అంతా ఆగిపోయింది.

కళ్ళు తెరిచేసరికి, ఆయన ఆఖరి క్షణంలో ఆపిన కట్ట నా ముఖం మీద ఊగుతోంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఒక్కో చువ్వ చివర కోసిన చోట తళతళలాడుతోంది. అటు ఊగినప్పుడు ఎండ, ఇటు ఊగినప్పుడు నీడ. కదిలితే అది తెగి పడుతుందేమోనని నేను ఊపిరి కూడా తీయలేదు. పై ప్రాణాలు పైనే పోయాయంటారే, ఆ మాటకు అర్థం నాకు అక్కడ తెలిసింది.

ఇసుకలో ఎక్కడో పడ్డ వాకీటాకీలోంచి ఆయన గొంతు వస్తోంది. "ఏమే? ఎక్కడున్నావ్? కనపడట్లేదు. ఏమే? పలకవే!"

ఎవరో నన్ను చంకల కింద పట్టి లాగారు. ఎవరన్నది ఇప్పటికీ నాకు తెలియదు.

ఆయన నిచ్చెన దిగి వచ్చాడు. ఎక్కేటప్పుడు అన్నిసార్లు ఆగే మనిషి దిగేటప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదట. నా ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నా ముఖం, తల, చేతులు తడిమి చూశాడు. భుజం ముట్టుకోగానే నేను కెవ్వుమన్నాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ చెయ్యి గాలికి ఆకులా వణుకుతోంది, దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాడు. రెండోదీ వణుకుతోంది.

"తాగావా?" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

"లేదే. నీ మీద ఒట్టు. గాలి కోసం తీశాను."

మేస్త్రి వచ్చాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏం చేయాలో తెలియక, జేబులోంచి సిగరెట్టు తీసి, తనే ముట్టించి, మా ఆయన వేళ్ళ మధ్య పెట్టాడు. "ముందు ఇది తాగు. మనిషివవుతావు. తాగు నాయనా," అన్నాడు. చుట్టూ చేరినవాళ్ళు ఒక్కరూ వద్దనలేదు. అందరి ముఖాల్లోనూ ఒకటే మాట.

నేనూ అన్నాను. ఎందుకు దాచాలి? "తాగెయ్యయ్యా," అన్నాను. "నా వల్ల కాదింక. పోతే కాలే పోతుంది."

ఆయన నన్ను చూశాడు. సిగరెట్టును చూశాడు. పొగ ఆయన ముఖం మీదుగానే పోతోంది. ముక్కుపుటాలు అదిరాయి. నోరు కొద్దిగా తెరుచుకుంది. దప్పికతో చచ్చేవాడి ముందు నీళ్ళ గ్లాసు పెడితే ఎలా చూస్తాడో అలా చూశాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

"పట్టుకో మేస్త్రీ," అని దాన్ని తిరిగి ఇచ్చేశాడు. నడుముకున్న క్రేన్ గది తాళం చెవి విప్పి, దాన్ని కూడా మేస్త్రి చేతిలో పెట్టాడు. "ఇది కూడా. ఇంకొకణ్ణి చూసుకో. నేను బాగయ్యాక వస్తా, ఉంచితే ఉంచు."

"పైకప్పో?" అన్నాడు మేస్త్రి అలవాటు కొద్దీ. వెంటనే నాలిక్కరుచుకున్నాడు.

మా ఆయన నా భుజం తగలకుండా నన్ను లేపాడు. నా హెల్మెట్టు ఎక్కడ పడిందో వెతికి తెచ్చాడు. పగిలిన ఆ హెల్మెట్టును ఇంటిదాకా చంకలో పెట్టుకుని నడిచాడు.

ఇంట్లో కూర్చుంటే చస్తానని ఆయన ఊరికే అనలేదు. మా అత్త చూసింది ఆ రోజుల్ని ఎక్కువగా. నా భుజానికి కట్టు కట్టారు. సైగలు చేసే పని తప్పించి, వేసిన కప్పుకు గొట్టంతో నీళ్ళు పెట్టే పని ఇచ్చాడు మేస్త్రి. ఒక్క చేత్తో అయ్యే పని. క్రేన్ మీదికి ఎవరో కొత్తమనిషి వచ్చాడు. నేను అటు చూసేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం పని తొందరగా అయిపోయి ఇంటికొచ్చాను. వాకిట్లోంచే ఆయన గొంతు వినబడింది. చిన్నపిల్లాడు మారాం చేసినట్టుంది.

"అమ్మా, ఒక్కటి తెచ్చిపెట్టవే. నీ కాళ్ళు పట్టుకుంటా. కాలు తీయించేసుకుంటాను. ఒక్క కాలితో బతికేవాళ్ళు లేరా లోకంలో? ఒక్కటే అమ్మా."

నాకు గడప దాటడానికి అడుగు పడలేదు. బరువు కింద పడుకున్నప్పటికంటే ఎక్కువ భయం వేసింది. తలుపు అవతల ఉన్నది నా మొగుడు కాదు, వేరెవరో. కాలు ఇచ్చేస్తానంటున్నాడు! వేలెడంత పుల్ల కోసం!

 మా అత్త గొంతు వినబడింది. "సరేరా, తీయించుకో. నిన్ను తొమ్మిది నెలలు మోశాను, ఎదిగాక చంకనేసుకుని మోశాను. ఇంకోసారి మోస్తా, దానికేం? కానీ నేనెన్నాళ్ళుంటానురా? నా తర్వాత నిన్ను మోసేది అదేగా. దాని భుజమేమో నువ్వే విరగ్గొట్టావు."

లోపల ఏడుపు వినబడింది. అది ఆయన ఏడుపు. ఆయన ఏడవగా నేనెప్పుడూ వినలేదు, అందుకే మొదట పోల్చుకోలేకపోయాను. లోపలికెళితే తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఉన్నాడు. అత్త ఆయన వీపు నిమురుతూ నా వంక చూసి, "అమ్మాయ్, మంచినీళ్ళు తే," అంది. తెచ్చాను. తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు, అదీ తాగాడు. ఆ పూట అలా గడిచింది. మరునాడు ఆ యావ మళ్ళీ వచ్చింది, అలాగే పోయింది. రావడం మాత్రం కాస్త తగ్గింది. ఒకరోజు ఆయన సాయంత్రందాకా దాని ఊసే ఎత్తలేదని అత్త నా చెవిలో చెప్పింది. గట్టిగా అంటే దిష్టి తగులుతుందేమోనని గుసగుసగా చెప్పింది.

వానలకు ముందే వేలు తీసేశారు. చిటికెన వేలు ఒక్కటే. అది అప్పటికే చచ్చిపోయిందంది డాక్టరమ్మ. మిగతా పాదమంతా మెషీను పెట్టి చూసింది, గీతలు గీతలుగా ఏదో వచ్చింది. ఆమె ముఖం చూస్తూ మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"నెత్తురు వస్తోంది. కొత్త దారులు వెతుక్కుంటోంది," అంది. "కాలు నిలబడింది. జీవితంలో ఇంకొక్కటి ముట్టుకోకండి."

"నిచ్చెన ఎక్కొచ్చా?" అన్నాడు ఆయన.

"నిచ్చెనా? కూర్చుని చేసే పనన్నారు?"

అప్పుడు చెప్పాం. ఆమె కళ్ళజోడు తీసి మమ్మల్ని మార్చి మార్చి చూసింది. తిట్టింది. ఆ మెల్లని గొంతుతోనే చాలా తిట్టింది. ఆఖరికి పుండు పూర్తిగా ఆరాక, మెల్లగా ఎక్కొచ్చంది.

వానలు మొదలై ఒక విడత తెరిపిచ్చాక మేస్త్రి కబురు పెట్టాడు. కొత్తమనిషి వెళ్ళిపోయాడు, తాళం చెవి ఇక్కడే ఉంది, రమ్మన్నాడు. నా భుజం కూడా బాగైంది. ఇద్దరం కలిసే వెళ్ళాం. ఆయన నిచ్చెన ఎక్కుతుంటే అందరూ పని ఆపి చూశారు. ఒక్కసారే ఆగాడు. పైకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కింద ఎవరో ఈల వేశారు.

నేను నా చోటికెళ్ళి నిలబడ్డాను. వాకీటాకీ నా చేతిలో ఉంది. మొదటి కట్ట కొక్కేనికి తగిలించి, కుర్రాళ్ళు పక్కకు జరిగారు. ఇక నేను వేలెత్తాలి. అంతే. ఏళ్ళుగా చేసిన పని.

వేలు లేవలేదు.

చువ్వల కట్టను చూశాను. కోసిన చివర్లు తళతళలాడుతున్నాయి. ఒళ్ళంతా చెమట పట్టింది.  ఊపిరి అందడం లేదు. అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది, కాళ్ళు కదలనూ లేదు. ఇన్నాళ్ళూ ఆయన కాలు పోతుందని భయపడ్డాను, చేతులు వణుకుతాయని భయపడ్డాను. ఆయన బాగయ్యాడు. ఆ వణుకు ఎప్పుడు నాకొచ్చిందో నాకే తెలియలేదు.

"ఏమే? ఉన్నావా?" అన్నాడు పైనుంచి.

బటన్ నొక్కాను. "ఉన్నాను."

"చెప్పు మరి."

"చెప్పలేను. నాకు భయంగా ఉందయ్యా. చాలా భయంగా ఉంది."

ఆ మాట మేస్త్రి విన్నాడు, పైకప్పు మీది వాళ్ళూ విన్నారు. దాచుకోవాలనిపించలేదు. వాకీటాకీ గరగరమంది. ఏదో జోకు వేస్తాడనుకున్నాను. లేకపోతే విసుక్కుంటాడనుకున్నాను.

"రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా," అన్నాడు. "నువ్వు చెప్పేదాకా ఇక్కడేదీ కదలదు. ఈ పూట చెప్పకపోతే రేపు చెబుదువులే."

మేస్త్రి అరవలేదు. ఇసుక తట్టలవాళ్ళు తట్టలు దింపుకుని నిలబడ్డారు. మబ్బు పట్టి, చినుకులు మొదలయ్యాయి. ఎవరూ నీడకు పోలేదు. నేను ఏడుస్తూ నిలబడ్డాను, అందరి ముందూ, సిగ్గు లేకుండా. చాలాసేపటికి చెయ్యి పైకెత్తాను. వేలు వణుకుతూనే ఉంది. వణికే వేలినే తిప్పాను.

కట్ట నేల మీంచి లేచింది. అంత మెల్లగా ఆయన దేన్నీ ఎప్పుడూ ఎత్తలేదు.